పెరట్లో ముప్పై మందికి భోజనం పెట్టాలంటే

మూడేళ్ల కిందట కార్తీక మాసంలో మొదటిసారి మా పెరట్లోనే వనభోజనం పెట్టుకున్నాం. ఉసిరిచెట్టు మన దొడ్లోనే ఉంది, వచ్చేది ముప్పై మంది, ఇంకెవరి తోటకో వెళ్లడం దేనికి అనుకున్నాం. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే నేల పైపైన ఆరినట్టే ఉంది గానీ, మనిషి కూర్చోగానే కుర్చీ కాళ్లు రెండంగుళాలు మట్టిలోకి దిగిపోయాయి. మొదటి బంతి లేచి చేతులు కడుక్కున్న నీళ్లు తిన్నగా రెండో బంతివాళ్ల కాళ్ల కిందకి వచ్చేశాయి. అందరూ మనవాళ్లే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం గుర్తుండిపోయింది ఇంకొకటి. మా అత్తగారు పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఒక్కసారి కూడా కూర్చోలేదు. వంటింటికీ పెరటికీ మధ్య మూడు మెట్లు, చేతిలో గిన్నెతో అవి ఎక్కడం, దిగడం, రోజంతా అదే పని. అందరూ వెళ్లాక వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు తిని, మోకాళ్లకి కొబ్బరినూనె రాసుకుని పడుకున్నారు.

పెరడు మార్చాలని ఆ రాత్రే అనుకున్నాం. పెట్టుకున్న షరతు ఒక్కటే, వడ్డించేవాళ్లు కూడా కూర్చోగలగాలి. అరుగు ఎక్కడ కట్టాలి, కుళాయి ఎటువైపు పెట్టాలి, లైటు ఎక్కడ తగిలించాలి, ఏ సందేహం వచ్చినా ఆ షరతు దగ్గరకే వెళ్లి చూసుకున్నాం, చాలావాటికి అక్కడే జవాబు దొరికింది. పెరడు బాగుచేసుకుందామని చూస్తున్నవాళ్లు ఉయ్యాల, బల్బుల దండలు, రంగురంగుల కుండీలు కొనకముందే ఇది చదివితే బాగుంటుందని రాస్తున్నాను.

మీ దాంతో పోల్చుకోవడానికి మా కొలతలు ముందే చెప్తాను. మాది రాజమండ్రి దగ్గర. పడమర వాకిలి ఇల్లు, పెరడు తూర్పున. ఇంటి వెనక గోడ వెంబడి 38 అడుగులు, ఆ గోడ నుంచి ప్రహరీ దాకా 24 అడుగులు, అంటే సుమారు నూరు గజాలు. వంటిల్లు ఆగ్నేయం మూల, దాని తలుపు పెరట్లోకే. మీ పెరడు ఇందులో మూడో వంతే అయినా పదిమందికి హాయిగా సరిపోతుంది, కొలతలు తగ్గుతాయి తప్ప పద్ధతి మారదు.

ముందు వారం రోజులు ఊరికే కూర్చోండి

మీ ఇంటికి చుట్టాలు ఎక్కువగా ఏ వేళకి వస్తారో ఆ వేళకి ఒక కుర్చీ తీసుకుని పెరట్లో గంటసేపు కూర్చోండి. ఇలా ఒక వారం చేయాలి. ఎండ ఎటునుంచి మొహం మీద పడుతోంది, గాలి ఎటునుంచి వస్తోంది, పక్కింటి బాత్రూం వాసన ఏ మూలకి తగులుతోంది, దోమలు ఎన్నింటికి మొదలవుతున్నాయి, ఇవి కూర్చుంటేనే తెలుస్తాయి. నీడ ఎక్కడిదాకా వచ్చిందో మూడింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి ముగ్గుపిండితో గీత గీయండి. మాకు ఆ గీతలు చూశాకే అర్థమైంది, పెరడు తూర్పున ఉంది కాబట్టి మధ్యాహ్నం దాటాక మా ఇల్లే మాకు నీడనిస్తోందని. నాలుగున్నరకి ఇంటి గోడ వెంబడి చల్లగా ఉంటే, ఎదురుగా ప్రహరీ గోడ ఇంకా వేడి కక్కుతోంది. అప్పటిదాకా ప్రహరీ వెంబడే అరుగు కడదామని అనుకుంటున్నవాళ్లం, దాన్ని ఇంటి గోడ వైపుకి మార్చేశాం. మీ పెరడు పడమర వైపు ఉంటే లెక్క తిరగబడుతుంది, సాయంత్రం ఎండంతా మీ ఇంటి వెనక గోడ మీదే పడుతుంది, నీడ పడమటి ప్రహరీ లోపలి వైపున దొరుకుతుంది, అరుగు అక్కడ కట్టుకోవాలి.

కాలాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. మే రెండో వారంలో మా వైపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కార్తీకంలో అదే వేళకి దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, కాబట్టి పగటి భోజనాలకి దక్షిణం వైపు చెట్టో పందిరో ఉంటే ఆ నీడ లోపలికి పడుతుంది. సాయంత్రం వేడుకలకైతే వెలుతురు చూసుకోవాలి. జూన్‌లో ఆరూ నలభై దాకా పొద్దు ఉంటుంది, నవంబరు చివర ఐదున్నర లోపే గుంకుతుంది. హైదరాబాద్‌లో ఇంకో పన్నెండు పదమూడు నిమిషాలు ఆలస్యం, అంతే తేడా.

ఈ వారంలోనే ఇంకో నిర్ణయం తీసుకోవాలి. నెలకి రెండుసార్లు వచ్చేది ఎంతమంది, ఏడాదికి రెండుసార్లు వచ్చేది ఎంతమంది. మా ఇంట్లో మొదటిది ఎనిమిది, రెండోది ముప్పై. కట్టడం ఎనిమిదికో పదికో కట్టండి, ముప్పైకి ఖాళీ వదలండి. ముప్పై కుర్చీలు కొనొద్దు, వాటిని దాచడానికి ఇంకో గది కావాలి, టెంట్ హౌస్‌లో అద్దెకి తెచ్చుకుంటే పని అయిపోతుంది. ఆ ఖాళీ ఎంత ఉండాలో మాత్రం లెక్కేసుకోవాలి. విస్తరి ముందు మనిషికి రెండడుగుల వెడల్పు కావాలి. ఎదురెదురుగా రెండు వరసల బల్లలు వేస్తే, కుర్చీ వెనక్కి జరుపుకోవడానికి మూడడుగులు, బల్ల అడుగున్నర, మధ్యలో వడ్డించేవాళ్లు సాంబారు బకెట్టుతో ఒకళ్లనొకళ్లు తప్పుకుని నడవడానికి నాలుగడుగులు, మళ్లీ బల్ల, మళ్లీ కుర్చీ, మొత్తం 13 అడుగులు. పొడవు 18 అడుగులు ఉంటే బంతికి పదహారు పద్దెనిమిది మంది, రెండు బంతుల్లో అందరూ అయిపోతారు. ఈ 13 బై 18 చోటులో చెట్టు, కుండీ, దిమ్మె, ఏదీ పెట్టకండి. ఇది అన్నిటికంటే కష్టమైన పని, ఎందుకంటే ఖాళీ నేల కనపడితే ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది.

నేల

మా ఖర్చులో దగ్గర దగ్గర సగం నేలకే పోయింది, దానికి నాకు ఏ చింతా లేదు.

మాది గోదావరి నేల, తడిస్తే జిగట, ఎండితే నెర్రెలు. అలాంటి మట్టి మీద తిన్నగా బండలు పరిచేస్తే మొదటి వానాకాలానికే ఒకటి పైకి, ఒకటి కిందకి పోతాయి. భోజనాల చోటు వరకు ఎనిమిది అంగుళాలు మట్టి తీయించి, గ్రావెల్ పోయించి, నీళ్లు కొట్టి దిమ్మిస వేయించాం, రెండు విడతలుగా. దాని మీద రెండంగుళాలు ఇసుక, ఆ పైన నాపరాళ్లు. రాయి విషయంలో నా సలహా ఏమిటంటే, పాలిష్ చేసిన గ్రానైట్ బయట వేయకండి, తడి కాలితో పెద్దవాళ్లు జారిపడతారు. నల్ల కడప రాయి చూడటానికి బాగుంటుంది గానీ ఎండకి కాలిపోతుంది, చెప్పుల్లేకుండా నడవలేం. తాండూరు నాపరాయి పాలిష్ లేనిది గరుకుగా ఉంటుంది, వాటిలో లేత పసుపు రంగువి అంతగా వేడెక్కవు, మేం అవే తెచ్చాం. మా వైపు చాలామంది బేతంచర్ల రాయి కూడా వాడతారు, అదీ మంచిదే.

రాయి కంటే ముఖ్యం వాటం, అంటే నీళ్లు పోయే ఏటవాలు. వంద అడుగులకి ఒక అడుగు వాటం, అంటే పది అడుగులకి ఒక అంగుళం పైచిలుకు. ఇంటి గోడ నుంచి బయటకి ఉండాలి, ఇంటివైపుకి రాకూడదు. మేస్త్రి లెవెల్ పైపు పట్టి చూసి సరిపోయింది అంటాడు, నిజంగానే సరిపోయి ఉండొచ్చు, అయినా రాళ్ల సందులు సిమెంటుతో పూడ్చకముందే మీరు ఒక పని చేయండి. ఒక బకెట్టు నీళ్లు ఎత్తుగా ఉన్న వైపు నేల మీద మెల్లగా వంచి చూస్తూ నిలబడండి. నీళ్లు ఎక్కడైనా ఆగి అద్దంలా మెరిస్తే ఆ రాయి చుట్టూ సుద్దతో గీసేయండి. మాకు అలా ఏడు రాళ్లు దొరికాయి. ఏడూ లేపి మళ్లీ పరవడానికి ఒక పూట పట్టింది. సిమెంటు పట్టాక అయితే ఆ ఏడు గుంటల్లో ప్రతి వానకీ నీళ్లు నిలిచేవి.

పెరడంతా రాయి పరవాలని చూడకండి. మేం పరిచింది సగం లోపే. మిగతాది మట్టిగానే ఉంది, చెట్ల పాదులు నాలుగడుగుల చదరం వదిలేశాం. వాన నీళ్లు దిగడానికి చోటుంటేనే బావి, బోరు బాగుంటాయి, సిమెంటు లేని పెరడు రాత్రికి త్వరగా చల్లబడుతుంది కూడా. గడ్డి కావాలనుకునేవాళ్లు వేసవిలో దానికి రోజూ నీళ్లు పట్టగలరో లేదో ముందే చూసుకోండి. పిల్లలు ఆడుకోవడానికి ఒక చాపంత గడ్డి చాలు. సన్న కంకర మాత్రం కూర్చునే చోట వద్దు, కుర్చీ నిలవదు, చేతికర్ర పట్టుకుని నడిచేవాళ్లకి ఇంకా కష్టం.

అరుగు

మా పెరట్లో అందరూ వచ్చి కూర్చునేది అరుగు మీదే. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

వంటింటి గుమ్మానికీ పెరటికీ మధ్య మూడు మెట్లు అన్నాను కదా, ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం 18 అంగుళాలు. మనిషి కుర్చీలో కూర్చునే ఎత్తు కూడా దాదాపు అంతే. ఈ సంగతి మా తాపీ మేస్త్రి చెప్పేదాకా మాకు తట్టలేదు. మెట్లు తీసేసి, వంటింటి గచ్చుకి ఒక్క అంగుళం తక్కువగా తలుపు బయట పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు తిన్నె కట్టేయండి, దాని అంచే అరుగు అవుతుంది అన్నాడు. అదే చేశాం. ఇప్పుడు వండిన గిన్నెలన్నీ వంటింట్లోంచి మెట్టు దిగకుండా తిన్నె మీదకి వస్తాయి. వడ్డించేవాళ్లు తిన్నె అంచు దగ్గరకి వచ్చి బకెట్టు నింపుకుంటారు. గరిట పట్టుకునే మనిషి తిన్నె మీద పీట వేసుకునో, అంచు మీద కాళ్లు కిందకి వేసుకునో కూర్చునే అందరితో మాట్లాడుతూ పని చేయొచ్చు. ఒక పక్కన అడుగు వెడల్పు మెట్లు, వాటికి పట్టుకోవడానికి ఇనుప కడ్డీ. చక్రాల కుర్చీ వాడే మనిషి ఇంట్లో ఉంటే ఏటవాలు దారి కావాలి, అది అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, మా 18 అంగుళాలకి 18 అడుగులు. గోడ వెంబడి అంత చోటు ఉందో లేదో ముందే కొలుచుకోండి.

తిన్నె నుంచి ఉత్తరానికి ఇంటి గోడ వెంబడే ఇరవై అడుగుల అరుగు. దాని లోతు రెండడుగులు పెట్టాం, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలన్నా, చంటిపిల్లని పడుకోబెట్టాలన్నా అంత ఉండాలి. ఎత్తు దగ్గరే తర్జనభర్జన అయింది. నేను 18 అన్నాను. మేస్త్రి ఏమీ అనకుండా ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చి, మీద ఒక రాయి పెట్టి, అమ్మగారూ ఒకసారి కూర్చోండి అన్నాడు. మా అత్తగారు పొట్టి మనిషి. కూర్చుంటే మడమలు నేలకి అందలేదు, రెండు నిమిషాలకే తొడల కింద నొక్కుతోందిరా అన్నారు. ఇటుకలు తీసి, మళ్లీ పేర్చి, 16 అంగుళాలు చేశాక పాదాలు రెండూ నేల మీద ఆనాయి, నడుం వెనక్కి గోడకి ఆనించి, ఇదిగో ఇలా ఉండాలి అన్నారు. మోకాళ్ల నొప్పులున్న మా బాబాయిగారికేమో 17 అంగుళాల తిన్నె అంచే బాగుంటుంది, లేవడం సులువు. రెండు ఎత్తులూ ఉండటం మంచిదైంది. అందుకే చెప్తున్నాను, పుస్తకంలో కొలత చూసి కట్టించకండి, మీ ఇంట్లో ఎక్కువసేపు కూర్చునేది ఎవరో వాళ్లని కూర్చోబెట్టి కొలవండి. రాయి అంచు గుండ్రంగా రుద్దించడం మరవకండి, పిల్లల నుదుళ్లు తగిలేది అక్కడే.

నీళ్లు

చేతులు కడుక్కునే చోటు భోజనాలు అయ్యి లేచి వెళ్లే దారిలో ఉండాలి, కొత్తగా కూర్చోవడానికి వచ్చేవాళ్ల దారికి అడ్డం రాకూడదు. మా పెరట్లో జనం ఉత్తరపు సందులోంచి వస్తారు, కుళాయిలు ఆగ్నేయం దాటి తూర్పు ప్రహరీ దగ్గర పెట్టాం. ముప్పై మందికి రెండు కుళాయిలు చాలు. ఒకటి పెద్దవాళ్ల నడుం ఎత్తులో, ఇంకొకటి పిల్లలకి అందేలా రెండడుగుల ఎత్తులో. కింద తొట్టి లోతుగా ఉండాలి, లేదంటే చీర కుచ్చిళ్లు తడుస్తాయి. ఆ నీళ్లు పైపులో వెళ్లి అరటి పాదుల్లో పడతాయి. మీకు అరటి లేకపోతే ఇంకుడు గుంత తీయించండి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. పైపులోకి పోయేముందు ఒక జల్లెడ పెట్టండి, మెతుకులు అక్కడ ఆగకపోతే మూడో వేడుకకి గుంత పూడిపోతుంది. విస్తళ్లు వేసే గంపలు కుళాయికి నాలుగు అడుగుల ముందే ఉండాలి. విస్తరి తీసుకుని, వేసి, కడుక్కుని, తుడుచుకుని వెళ్లిపోవాలి, వెనక్కి తిరిగే పని ఉండకూడదు.

తాగే నీళ్లు ముప్పై మందికి 20 లీటర్ల డబ్బాలు రెండు. వేసవైతే మూడు. నీడలో పెట్టండి.

బాత్రూం గురించి మన ఇళ్లలో ఎవరూ ముందుగా ఆలోచించరు, వచ్చిన ఆడవాళ్లే ఇబ్బంది పడతారు. పడకగదిలోంచి వెళ్లాల్సిన బాత్రూం ఒక్కటే ఉంటే అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. పెరటివైపు నుంచి తలుపు ఉండేలా చూడండి. దారిలో లైటు, లోపల గడియ సరిగ్గా పడటం, బకెట్టు, సబ్బు, మేకు, ఇవి వేడుకకి ముందురోజు మీరే వెళ్లి చూడండి.

పొయ్యి ఎక్కడ

ముప్పై మందికి వంటింట్లోనే వండేయొచ్చు. మా ఇంట్లో అన్నం, పప్పు బయట కట్టెల పొయ్యి మీద వండితేనే తృప్తి, పైగా లోపల వేడి తగ్గుతుంది. అగరుబత్తి వెలిగించి ఆ వేళకి పొగ ఎటు పోతోందో చూసి, భోజనాల చోటుకి గాలి దిగువన పొయ్యి పెట్టండి. రోజూ గాలి ఒకేలా వీయదు కాబట్టి కట్టుడు పొయ్యి వద్దు, మూడు రాళ్లు లేదా ఇనుప పొయ్యి ఉంటే జరుపుకోవచ్చు. యాభై దాటితే గాడిపొయ్యి తవ్వుకోవాలి, దానికి మట్టి నేల వదిలారు కదా, అక్కడ. తాటాకు పందిరికి దగ్గరలో మాత్రం ఏ పొయ్యీ వద్దు. గ్యాస్ పొయ్యి అయితే సిలిండరు నిలువుగా, పొయ్యికి దూరంగా, పిల్లలు తిరగని వైపు ఉండాలి. పక్కనే రెండు బకెట్ల నీళ్లు, ఒక బస్తా ఇసుక.

నీడ, చెట్లు

కడియం నర్సరీలు మాకు దగ్గర, అక్కడికి వెళ్తే అన్నీ తెచ్చేసుకోవాలనిపిస్తుంది. లెక్క రాసుకుని వెళ్లండి, మేం రాసుకున్నది నాలుగే. దక్షిణం వైపు ఉన్న ఉసిరిచెట్టు అలాగే ఉంచాం, సన్నాకు కాబట్టి నీడ పల్చగా, గాలి ఆడేలా ఉంటుంది, కార్తీకంలో దాని కింద భోంచేయడం ఎలాగూ మన ఆచారం. తూర్పు ప్రహరీకి పది అడుగుల లోపలగా ఒక కానుగ నాటాం, ఆకు రాల్చినా వేసవి ముదిరేలోపే కొత్త చిగురు వేసేస్తుంది. వేప కూడా అంతే, చోటుంటే వేపే మేలు. మునగ కూర్చునే చోటుకి దగ్గరలో వద్దు, కొమ్మ పెళుసు, వానాకాలంలో గొంగళి పురుగులు. కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేయకండి, బొండాలు దింపించినా సరే మట్ట పడుతుంది. సపోటా కింద పండ్లు రాలి ఈగలు ముసురుతాయి. ప్రహరీ వెంబడి కోనోకార్పస్ చెట్ల జోలికి పోకండి, వేళ్లు పైపుల్లోకి చొరబడతాయి.

చెట్టు ఎదిగేదాకా పందిరి. సర్వీ కర్రలతో తాటాకు చలువ పందిరి వేయించుకుంటే మే నెలలో దాని కింద ఉన్న చల్లదనం రేకుల కింద దొరకదు, కాకపోతే ఏడాది రెండేళ్లకి ఆకు మార్చాలి. మేం ఇనుప పైపులతో తొమ్మిది అడుగుల ఎత్తున చట్రం కట్టించి సగం దొండపాదు, సగం సన్నజాజి ఎక్కించాం. దొండపాదు ఏడాదిలోనే కప్పేసింది, కూర కూడా అక్కడే. సన్నజాజి మెల్లగా వస్తోంది గానీ సాయంత్రం దాని వాసనకే జనం ఆ చివర కూర్చుంటారు. కాగితం పూల చెట్టు అందంగా ఉంటుంది, ముళ్లు ఉంటాయి, అరుగుకి దూరంగా గేటు దగ్గర పెట్టుకోండి. కార్తీకంలో మా కోస్తాకి వాయుగుండాలు మామూలే, కాబట్టి చట్రానికి కొక్కేలు వేయించి ఒక టార్పాలిన్ మడతపెట్టి ఉంచండి. టార్పాలిన్ కూడా వాటంగా కట్టాలి, లేకపోతే మధ్యలో నీళ్లు నిండి ఒక్కసారిగా దిగుతాయి.

దీపాలు, దోమలు

రాత్రి భోజనానికి వెలుతురు తిన్నగా విస్తరి మీద పడాలి. చేపల పులుసులో ముల్లు కనపడాలి కదా. మొదట్లో మాకు ఇంటి గోడకి పెద్ద తెల్ల లైటు ఒకటి ఉండేది. దానికి వీపు పెట్టి కూర్చున్నవాళ్ల నీడ వాళ్ల విస్తరి మీదే పడేది, ఎదురుగా కూర్చున్నవాళ్లకి కళ్లలో పొడిచేది. ఇప్పుడు వడ్డించే దారి నడిమధ్యన పందిరి పైపుకి మూడు చిన్న లైట్లు వేలాడదీశాం, తొమ్మిది అడుగుల ఎత్తు, డబ్బా మీద 2700 నుంచి 3000 కె అని రాసి ఉండే పసుపు రంగువి. పసుపు వెలుగుకి పురుగులు తక్కువ వస్తాయి. తొలకరి తర్వాత ఉసిళ్లు లేచే రాత్రుల్లో ఒక తెల్ల లైటు దూరంగా ప్రహరీ మూల వెలిగించండి, పురుగులన్నీ అటు పోతాయి. మెట్ల అంచుకి, బాత్రూం దారికి, కుళాయి దగ్గర చిన్న లైటు తప్పనిసరి.

కరెంటు పని మీద పొదుపు చేయకండి. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, బయట తీగలు, ఈ మూడూ కలిసే చోటు ఇది. పెరటి లైనుకి విడిగా 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి, అది ఒక రక్షణ స్విచ్చు, ఎక్కడైనా కరెంటు కారితే క్షణంలో లైను ఆపేస్తుంది. ఎర్తింగ్ ఉందో లేదో చూపించమనండి. లైట్లు దుమ్ము, వాన నీళ్లు లోపలికి పోని ఐపీ 65 రకం, ప్లగ్గులు మూత ఉన్నవి, నేలకి రెండడుగుల పైన. నేలలో పోయే తీగ పైపులోనే పోవాలి, ఎక్కడ తవ్వారో ఫొటో తీసి దాచుకోండి, రేపు మొక్క నాటేటప్పుడు పలుగు తగలకుండా. అద్దెకి తెచ్చిన బల్బుల దండ అతుకులు నేల మీద పడి ఉంటే కట్టనివ్వకండి.

దోమలకి నేను చూసిన మంచి మందు గాలి. దోమ బలంగా ఎగరలేదు, స్టాండు ఫ్యాన్లు రెండు బల్లల కిందుగా కాళ్లకి తగిలేలా తిప్పితే చాలావరకు దగ్గరకి రావు. అంతకంటే ముందు పుట్టకుండా చూడాలి. డెంగీ దోమ ఎక్కువగా నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి కుండీల కింద పళ్లాలు, కొబ్బరి చిప్పలు, తొట్టి మూతలు వారానికోసారి బోర్లించాలి. వేడుకకి పది రోజుల ముందే ఈ పని మొదలుపెట్టండి, ఆ రోజు పొద్దున పొగ పెడితే పెద్దగా లాభం ఉండదు.

పాటలు పెట్టుకుంటే రాత్రి పదికి ఆపేయండి. పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. పక్కింటివాళ్లని ముందే పిలవండి, రాలేకపోతే పులిహోర పంపండి.

ఇవన్నీ ఒకేసారి చేయించాలని లేదు. మేం మొదటి ఏడాది నేల, కుళాయిలు, కరెంటు పైపులు మాత్రమే చేయించాం, ఎందుకంటే తర్వాత తవ్వాలంటే చేసిందంతా పాడవుతుంది. రెండో ఏడాది తిన్నె, అరుగు. పందిరి, మొక్కలు ఆ తర్వాత. ఉయ్యాల ఇంకా కొనలేదు.

పోయిన కార్తీకంలో ముప్పై నాలుగు మంది వచ్చారు. రెండో బంతికి మా ఆయన, మా మరిది బకెట్లు అందుకున్నారు. మా అత్తగారూ నేనూ పక్కపక్కన ఉసిరిచెట్టు వైపు కూర్చున్నాం, ఆవిడ రెండోసారి పెరుగు వేయించుకుని తీరిగ్గా తిన్నారు. తిన్నాక అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని, ఈ చివర ఇంకో రెండడుగులు పొడిగిస్తే కాళ్లు చాపుకోవచ్చు కదా అన్నారు. ఈ వేసవిలో మేస్త్రిని మళ్లీ పిలవాలి.